మోబీ డిక్: చాలామంది ఆగిపోయే చోటు

మోబీ డిక్ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది 32వ అధ్యాయం దగ్గర ఆగిపోతారు. అప్పటిదాకా నవల హాయిగా సాగుతుంది. జేబులో డబ్బుల్లేక, మనసు బాగోలేక సముద్రం మీదికి పోదామనుకున్న ఇష్మాయేల్ న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక సత్రంలో దిగుతాడు. గదులు ఖాళీ లేవు. ఒళ్లంతా పచ్చబొట్లున్న క్వీక్వెగ్ అనే హార్పూన్ (తాడు కట్టిన వేట బల్లెం) విసిరేవాడితో ఒకే మంచం మీద పడుకోవాల్సి వస్తుంది. ముందు భయం, తర్వాత నవ్వు, తెల్లారేసరికి స్నేహం. ఇద్దరూ నాంటకెట్ వెళ్లి పీక్వాడ్ అనే తిమింగలాల వేట ఓడలో పనికి కుదురుతారు. క్రిస్మస్ రోజున ఓడ కదులుతుంది. ఒక తెల్ల తిమింగలానికి కాలు పోగొట్టుకున్న ఒంటికాలి కెప్టెన్ ఏహబ్ 28వ అధ్యాయంలో గానీ డెక్ మీదికి రాడు. ఇక కథ ఊపందుకుంటుంది అనుకునేసరికి రచయిత హెర్మన్ మెల్విల్ కథ ఆపేసి, తిమింగలాల్లో ఎన్ని రకాలున్నాయో చెప్పడం మొదలుపెడతాడు.

అదీ పుస్తకాల సైజుల్ని బట్టి. అచ్చు పుస్తకాల్లో పెద్ద సైజు, మధ్య సైజు, చిన్న సైజు ఉన్నట్టే తిమింగలాలనూ మూడు వర్గాలు చేసి, ఒక్కో వర్గాన్ని మళ్లీ అధ్యాయాలుగా విడగొడతాడు. తిమింగలాల్ని చేపల నుంచి లినేయస్ అనే శాస్త్రవేత్త విడదీసిన సంగతి తెలుసంటూనే, కాదు, అది చేపే అని పట్టుబడతాడు. నీళ్లు చిమ్ముతూ, తోక అడ్డంగా ఉండే చేప అని నిర్వచనం కూడా ఇస్తాడు. చివరికి ఈ వర్గీకరణ పూర్తి కాలేదనీ, తన పుస్తకమంతా ఒక చిత్తుప్రతికి చిత్తుప్రతి మాత్రమేననీ చెప్పి చేతులు దులుపుకుంటాడు. ఏహబ్ ఏమయ్యాడు, తెల్ల తిమింగలం ఎప్పుడొస్తుంది అని చూస్తున్న మనిషికి ఒళ్లు మండుతుంది. పుస్తకం పక్కన పెట్టేస్తాడు. మళ్లీ తీయడు.

ఈ నవల కష్టమని చెప్పేటప్పుడు సాధారణంగా భాష మీదికి నెట్టేస్తారు. భాష తేలికేమీ కాదు. ఓడ భాగాల పేర్లు, తెరచాపల పేర్లు, బైబిల్ నుంచి, షేక్స్పియర్ నుంచి తెచ్చుకున్న గంభీరమైన వాక్యాలు, అర పేజీ నడిచాక గానీ అసలు విషయానికి రాని వాక్యాలు ఉన్నాయి. కానీ ఇవన్నీ డిక్షనరీతోనో, ఫోన్లో వేలు నొక్కి అర్థం చూసుకోవడంతోనో దాటగలిగేవే. పైగా యాభై పేజీలు చదివేసరికి ఆ గొంతు చెవికి అలవాటవుతుంది. భాష దెబ్బకి వదిలేసేవాళ్లు మొదటి పాతిక పేజీల్లోనే వదిలేస్తారు. 32 దాకా వచ్చి ఆగినవాళ్లకి అడ్డొచ్చింది వేరే.

అడ్డొచ్చేది నవల కట్టిన తీరు. మొత్తం 135 అధ్యాయాలు, పైన ఒక ఉపసంహారం. రెండు లక్షల పదాల పైమాట. ఇంత పుస్తకంలో మోబీ డిక్ అనే ఆ తెల్ల తిమింగలం పీక్వాడ్ మనుషులకి ఎదురుపడేది చివరి మూడు అధ్యాయాల్లోనే. 36వ అధ్యాయంలో ఏహబ్ ఓడ స్తంభానికి బంగారు నాణెం మేకుతో కొట్టి, ఆ తిమింగలాన్ని ముందు చూసినవాడికి ఇది అంటాడు. అక్కడినుంచి 133 దాకా దాదాపు వంద అధ్యాయాలు. ఆ వందలో వేట ఉంది, తుఫాను ఉంది, దారిలో కలిసే తొమ్మిది ఓడలున్నాయి. వాటి మధ్య తిమింగలం తల, తోక, చర్మం, ఎముకలు, దాని నూనె తీసే పద్ధతి, దాన్ని తప్పుగా గీసిన చిత్రకారులు, దాని మాంసం తినొచ్చా లేదా అన్న చర్చ కూడా ఉన్నాయి.

ఈ పక్కదారులు మనవాళ్లకి కొత్తేమీ కాదు. హరికథలో దాసుగారు అసలు కథ ఆపి పిట్టకథ ఎత్తుకుంటే ఎవరూ లేచిపోరు. కాకపోతే అక్కడ పిట్టకథ నిద్రపోతున్న జనాన్ని లేపడానికి. మెల్విల్ దగ్గర మెలకువగా ఉన్నవాళ్లకి కునుకు పట్టేది ఈ పిట్టకథల్లోనే.

దీన్ని సమర్థించడానికి ఒక వాదన తరచుగా వినిపిస్తుంది. తిమింగలాల వేట ఓడలు మూడు నాలుగేళ్లు సముద్రం మీదే ఉండేవి, నావికులు స్తంభం పైకెక్కి గంటల తరబడి ఖాళీ సముద్రాన్ని చూస్తూ గడిపేవాళ్లు, పాఠకుడికి కలిగే విసుగు ఆ విసుగే అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఈ వాదనతో ఏ నీరసమైన పుస్తకాన్నైనా గొప్పదని తేల్చేయొచ్చు. విసుగుని చూపించడానికి విసిగించాల్సిన పనిలేదు. 35వ అధ్యాయంలో ఆ స్తంభం మీది కాపలా గురించే మెల్విల్ రాశాడు. అందులో విసుగన్నది లేదు. పైన నిలబడి పగటికలల్లో పడ్డ కుర్రాడికి కాలు ఒక్క అంగుళం జారితే చాలునని గుర్తుచేసి ఉలిక్కిపడేలా చేస్తాడు.

అసలు కష్టం ఇంకోటి. ఈ నవల ఒక సంగతి చెప్పే చోటికీ, అది పనికొచ్చే చోటికీ మధ్య చాలా దూరం పెడుతుంది. ఏది ముందు పనికొస్తుందో, ఏది రాదో చదివేటప్పుడు తెలియదు. అందుకని అన్నీ మోసుకెళ్లాలి. మామూలు నవల్లో గోడ మీద తుపాకీ కనబడితే ఎప్పుడో పేలుతుందని అనుకుంటాం. ఇక్కడ గోడ నిండా వందల సామాన్లు ఉంటాయి. వాటిలో ఏడో ఎనిమిదో పేలతాయి. ఏవన్నది పుస్తకం చివరిదాకా తేలదు.

పేలేవాటిలో ముఖ్యమైనది తాడు. 60వ అధ్యాయం పేరే అది. నాలుగైదు పేజీలు మించదు. వేట పడవలో వాడే తాడు గురించి ఓ పనివాడు ఇంకో పనివాడికి చెప్పినంత పొడిగా మొదలవుతుంది. మందం అంగుళంలో మూడింట రెండు వంతులే, కానీ దాదాపు మూడు టన్నుల బరువు లాగినా తెగదు. పొడవు 200 ఫాథమ్‌లకు పైనే, అంటే 1,200 అడుగులు దాటి. పడవ వెనక భాగంలో ఒక తొట్టిలో దాన్ని చుట్టలు చుట్టలుగా సర్ది పెడతారు. సర్దడంలో ఎక్కడ చిన్న మడత పడ్డా అది పరిగెత్తేటప్పుడు ఎవడి చెయ్యో, కాలో, మొత్తం మనిషినో లాక్కుపోతుంది. తొట్టిలోంచి బయల్దేరిన తాడు వెనకున్న ఒక గుంజ చుట్టూ తిరిగి, పడవ పొడుగునా తెడ్లు వేసే మనుషుల మధ్యగా, వాళ్ల తెడ్ల మీదుగా ముందు కొసకి వస్తుంది. హార్పూన్ తగిలిన తిమింగలం పారిపోవడం మొదలెట్టగానే ఈ తాడంతా ఆరుగురి చుట్టూ మెరుపులా పరిగెడుతుంది. అప్పుడు కదలకుండా కూర్చోవడం కూడా కుదరదు, పడవ ఉయ్యాలలా ఊగుతుంటుంది.

పేజీ తిప్పగానే 61వ అధ్యాయంలో ఓడ అధికారుల్లో ఒకడైన స్టబ్ మొదటి తిమింగలాన్ని చంపుతాడు. తాడు ఎందుకు చెప్పాడో అప్పటికి కొంత అర్థమవుతుంది. అయిపోయిందనుకుంటాం. 93వ అధ్యాయంలో అదే తాడు మళ్లీ వస్తుంది. పిప్ అనే నల్లజాతి కుర్రాడు వేట మధ్యలో భయపడి పడవలోంచి దూకి తాడులో చిక్కుకుంటాడు. మెడకీ ఛాతీకీ చుట్టుకున్న తాడుని కోయాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. కోస్తే పిల్లాడు బతుకుతాడు, తిమింగలం పోతుంది. కోస్తారు. తర్వాత స్టబ్ వాడిని తిట్టి, అలబామాలో నిన్ను అమ్మితే వచ్చే దానికి ముప్ఫై రెట్లు ఆ తిమింగలానికి వచ్చేది, ఈసారి దూకితే వదిలేస్తాను అంటాడు. వాడు మళ్లీ దూకుతాడు. వదిలేస్తారు. ఓడ వచ్చి తీసేసరికి నడిసముద్రంలో ఒంటరిగా తేలిన ఆ పిల్లాడికి మతి పోయి ఉంటుంది. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న దేశంలో 1851లో అచ్చయిన వాక్యం అది. 60వ అధ్యాయం దాటేసిన వాళ్లకి ఆ తాడు ఎంత ప్రమాదమో తెలియదు కాబట్టి, పిప్ దూకడం వట్టి పిరికితనంగానే కనబడుతుంది.

117లో మూడోసారి. ఏహబ్ వెంట తెచ్చుకున్న ఫెడల్లా జోస్యం చెబుతాడు: తాడు తప్ప నిన్నేదీ చంపలేదు. ఏహబ్ దాన్ని ఉరితాడు అనుకుంటాడు. ఉరికంబం ఎక్కేది నేల మీద కదా, అయితే నాకు చావే లేదు అని నవ్వుతాడు. ఆ నవ్వులో తేడా పాఠకుడికి వెంటనే తెలియాలి, ఎందుకంటే పడవలో ఆ చుట్టలు అతను చూశాడు, నావికుల మధ్యగా అది పోయే దారి అతనికి తెలుసు.

135వ అధ్యాయంలో ఏహబ్ చివరి హార్పూన్ విసురుతాడు. తాడు చిక్కుపడుతుంది. వంగి సరిచేస్తాడు. సరవుతుంది కూడా. కానీ ఎగిరొచ్చిన చుట్ట మెడకి తగులుకుని, తనతో ఉన్నవాళ్లు గమనించేలోపే మనిషి పడవలోంచి మాయమవుతాడు. ఆరు వందల పేజీల పాటు పెంచిన పాత్ర చావు ఒక్క వాక్యంలో అయిపోతుంది. వర్ణన లేదు, ఆఖరి కేక లేదు. అక్కడ మెల్విల్ ఏమీ వివరించక్కర్లేదు, వివరించాల్సింది 60లోనే వివరించేశాడు. ఈ చావు దగ్గర ఆగి తాడు ఎలా చుడతారో చెప్పాల్సి వస్తే ఆ వేగం ఉండేది కాదు. వేట అధ్యాయాలు మాత్రం చదివినవాళ్లకి ఈ చావు తొందరపాటుగా, ఏదో యాక్సిడెంట్‌లా అనిపిస్తుంది. 1956లో జాన్ హ్యూస్టన్ తీసిన సినిమాలో ఏహబ్ చావుని మార్చి, తిమింగలం ఒంటికే అతన్ని కట్టేశారు. తెరమీద అది బాగానే కనబడుతుంది. కానీ రెండు గంటల సినిమాకి ముందుగా తాడు గురించి పాఠం చెప్పే తీరిక లేదు, అందుకే కళ్లకి కనబడే చావు కావలసి వచ్చింది.

శవపేటిక కథా ఇలాంటిదే. 110లో క్వీక్వెగ్‌కి జ్వరం వచ్చి, తను చనిపోతానని ఓడ వడ్రంగితో పేటిక చేయించుకుంటాడు. తర్వాత ఒడ్డున చేయాల్సిన పనొకటి గుర్తొచ్చి, చావడం మానేసి లేచి కూర్చుంటాడు. చదివేటప్పుడు ఇది వట్టి తమాషా. 126లో ఓడ రక్షణ తెప్ప నీళ్లలో మునిగిపోతే, ఆ పేటికకే కీలు పూసి దాని బదులు వాడతారు. చివర్లో ఓడ మునిగాక ఇష్మాయేల్ తేలేది దానిమీదే.

ఇక్కడ నవల చరిత్రలో ఒక వింత ఉంది. 1851 అక్టోబరులో లండన్‌లో రిచర్డ్ బెంట్లీ ఈ పుస్తకాన్ని మూడు సంపుటాలుగా తెచ్చాడు. న్యూయార్క్‌లో హార్పర్ సంస్థ తెచ్చిన ఎడిషన్ నవంబరులో వచ్చింది. లండన్ ఎడిషన్‌లో ఉపసంహారం లేదు. అంటే ఇష్మాయేల్ ఎలా బతికాడో ఆ పాఠకులకి తెలియదు. ఓడ మునిగి అందరూ చచ్చిపోతే ఈ కథ చెబుతున్నది ఎవరు అని అక్కడి సమీక్షకులు ఎద్దేవా చేశారు. వాళ్ల ప్రశ్నలో తప్పులేదు. శవపేటిక మోసుకొచ్చిన పాఠకుడికి దాన్ని దించే చోటు లేకుండా పోయింది. పైగా నవలకి ముందు ఉండాల్సిన ఉల్లేఖనాల కుప్ప, అంటే బైబిల్ నుంచి పత్రికల దాకా తిమింగలం మాట వచ్చిన వాక్యాలన్నీ, లండన్‌లో చివర్లో పెట్టారు. ఈ రెండో మార్పు వల్ల పెద్ద నష్టం జరగలేదనే చెప్పాలి. కథ తలుపు తీయకముందే ఎదురయ్యే ఆ పేజీల దగ్గర తిరిగిపోయేవాళ్లు ఈరోజుకీ ఉన్నారు.

మొదటి పాఠకులు తిరగబడ్డారంటే దానికి వేరే కారణం కూడా ఉంది. మెల్విల్ వాళ్లకి కొత్త కాదు. 1841 జనవరిలో అకుష్నెట్ అనే వేట ఓడలో బయల్దేరి, మరుసటి ఏడాది మార్క్వెసస్ దీవుల్లో ఓడ వదిలి పారిపోయి, ఆ అనుభవంతో 1846లో టైపీ రాశాడు. అది బాగా ఆడింది. సముద్రం, దీవులు, సాహసం అంటే మెల్విల్ అని పేరొచ్చింది. 1849లో షేక్స్పియర్‌ని పట్టుదలగా చదివాడు. 1850లో నవలాకారుడు నథానియల్ హాథార్న్ పరిచయమయ్యాడు. మోబీ డిక్ ఆయనకే అంకితం. జనం ఇంకో టైపీ కోసం చూస్తుంటే, చేతికొచ్చింది ఇది. మెల్విల్ బతికున్నంత కాలంలో అమెరికాలో అమ్ముడైనవి సుమారు 3,200 కాపీలు. తర్వాత ఆయన న్యూయార్క్ కస్టమ్స్‌లో 19 ఏళ్లు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి, 1891లో పెద్దగా ఎవరికీ పట్టకుండా చనిపోయాడు. 1920ల్లో గానీ ఈ నవలని మళ్లీ పైకెత్తలేదు.

అప్పటి పాఠకులకి ఉన్న సౌకర్యం ఇప్పటివాళ్లకి లేదని కూడా గుర్తుంచుకోవాలి. వాళ్ల ఇళ్లలో వెలిగిన దీపంలో తిమింగలం నూనె ఉండేది. 1820లో పసిఫిక్ సముద్రంలో ఎసెక్స్ అనే ఓడని ఒక తిమింగలం ఢీకొట్టి ముంచేసిన సంగతి ఆ తీరాల్లో అందరికీ తెలిసిన కథ. 45వ అధ్యాయంలో ఇష్మాయేల్ ప్లీడరులా ఇలాంటి సాక్ష్యాలన్నీ వరసగా పెట్టి, దీపాలు పొదుపుగా వాడుకోండయ్యా, మీరు కాల్చే ప్రతి గ్యాలన్‌కీ ఒక చుక్కైనా మనిషి రక్తం చిందింది అంటాడు. 1859లో పెన్సిల్వేనియాలో పెట్రోలియం బావి పడ్డాక కిరసనాయిలు ఆ దీపాల్లోకి వచ్చింది. దీపాల కోసం సాగిన ఆ వేట క్రమంగా తగ్గిపోయింది. కాబట్టి అప్పటివాళ్లకి ఎక్కువనిపించిన వివరం మనకి నిజానికి అవసరం. ఆ మేరకు ఆ వివరాల అధ్యాయాలకి కాలంతో పాటు భారం తగ్గిందనే అనుకోవచ్చు.

మరి పనికిరాని అధ్యాయాల సంగతి? అన్నీ చివర్లో కలిసొస్తాయని చెప్పే అభిమానుల మాట నమ్మక్కర్లేదు. కలిసిరావు. 32వ అధ్యాయంలోని వర్గీకరణ ఏ వేటకీ ఉపయోగపడదు. పాత్రల్లోనూ ఇదే పరిస్థితి. మూడో అధ్యాయంలో బల్కింగ్టన్ అనే బలమైన మనిషిని ఊరించేలా పరిచయం చేసి, 23లో ఒక పేజీ కూడా లేని అధ్యాయంలో అతనికి నివాళి రాసి, తర్వాత పూర్తిగా మర్చిపోతాడు. ఇష్మాయేల్ తానే కథ చెబుతున్నానని మొదలుపెట్టి, 37 నుంచి ఏహబ్ తన క్యాబిన్లో ఒంటరిగా అనుకున్న మాటలు కూడా చెప్పేస్తాడు. అవి ఇతనికి ఎలా వినబడ్డాయి? 40వ అధ్యాయం పూర్తిగా నాటకం, పాత్రల పేర్లూ రంగ సూచనలతో సహా. ఎక్కడ నిలబడి వింటున్నామో పాఠకుడికి మాటిమాటికీ మారిపోతుంటుంది. రాస్తూ రాస్తూ మధ్యలో ప్లాన్ మార్చిన పుస్తకం ఇదని పండితులు అనుమానించడంలో ఆశ్చర్యం లేదు.

2007లో ఇంగ్లండ్‌లో ఓరియన్ సంస్థ ఇలాంటివన్నీ కోసేసి సగానికి కుదించిన మోబీ డిక్ అచ్చువేసింది. కథ బాగా నడుస్తుంది, ఆ కోత చేసినవాళ్లు తెలివిగానే చేశారు. రెండేళ్లకి డేమియన్ సెర్ల్స్ అనే అమెరికన్ రచయిత ఇంకో పని చేశాడు. ఓరియన్ కోసి పారేసిన ముక్కల్ని మాత్రమే, ఒక్క కామా కూడా వదలకుండా, వరసగా పేర్చి వేరే పుస్తకంగా తెచ్చాడు. ఒక సగంలో ఏహబ్ వేట. మిగతా సగంలో ఇష్మాయేల్ మాటలు, జోకులు, లెక్కలు, సందేహాలు. పక్కపక్కన పెడితే రెండో సగం చెత్తకుప్పలా ఉండదు. మెల్విల్ గొంతు ఎక్కువగా వినబడేది అందులోనే.

ఇద్దరూ ఒకే జంతువు వెంట పడ్డారు. ఏహబ్‌కి దాన్ని చంపాలని, ఇష్మాయేల్‌కి దాన్ని తెలుసుకోవాలని. తల కొలుస్తాడు, చర్మం మందం చూస్తాడు, ఎముకలు లెక్కపెడతాడు. 86వ అధ్యాయంలో తోక గురించి రాసి రాసి, ఎంత కోసి చూసినా నేను చర్మం దాటి పోలేదు, దీన్ని నేనెరగను, ఎప్పటికీ ఎరగలేను అని ఒప్పుకుంటాడు. 102లో ఒక అస్థిపంజరం కొలతలు ఇస్తూ, ఇవి నా కుడిచేతి మీద పచ్చబొట్టుగా పొడిపించుకున్నవి, మిగతా ఒంటి మీద నేను రాస్తున్న పద్యానికి చోటు కావాలి కాబట్టి అంగుళాలు వదిలేశాను అంటాడు. ఏహబ్ పట్టుదల ఓడని ముంచుతుంది. ఇష్మాయేల్ పట్టుదల అధ్యాయాల్ని ముంచుతుంది. రెండోదాన్ని కోసేసి మొదటిదాన్ని మాత్రమే చదివితే, ఏహబ్ ఒక్కడే పిచ్చివాడుగా మిగులుతాడు. పూర్తి పుస్తకంలో అలా కాదు.

ఈ పచ్చబొట్టు దగ్గర నవ్వు రాని పాఠకులు చాలామంది. క్లాసిక్ అనగానే నడుం నిటారుగా పెట్టుకుని, పరీక్షకి చదివినట్టు చదవడం దానికి కారణం. ఏది ముఖ్యమో గీతలు గీసుకోవాలన్న టెన్షన్‌లో, ఎదురుగా ఉన్న మనిషి వేళాకోళం ఆడుతున్నాడని తట్టదు. 32వ అధ్యాయంలో తిమింగలాన్ని పుస్తకాల సైజుల్లో సర్దడం పండితుల మీద వేసిన జోకు. అది జోకని తెలిస్తే ఆ అధ్యాయం సగం తేలికవుతుంది. మిగతా సగం నిజంగానే నీరసం, అందులో మొహమాటపడేదేమీ లేదు.

బైబిల్ పేర్లు ఇంకో గట్టు. ఏహబ్ అన్నది ఇశ్రాయేలు దుష్టరాజు అహాబు పేరు, ఇష్మాయేల్ ఇంట్లోంచి తరిమేసిన కొడుకు, ఓడ ఎక్కే ముందు వచ్చి హెచ్చరించే చిరిగిన బట్టల మనిషి పేరు ఎలైజా, అంటే తెలుగు బైబిల్లో ఏలీయా. అహాబుకి ఎదురు నిలిచింది ఏలీయా ప్రవక్తేనని తెలిసినవాళ్లకి అక్కడే ముగింపు వాసన తగులుతుంది. చిన్నప్పుడు సండే స్కూలుకి వెళ్లిన గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలకి ఇవి ఇంటి కథలే. తప్పిపోయిన కొడుకుని వెతుకుతూ వచ్చే ఓడకి రేచల్ అని ఎందుకు పెట్టాడో, పిల్లల కోసం ఏడ్చిన రాహేలు తెలిసినవాళ్లకి ఫుట్‌నోట్ అక్కర్లేదు. మిగిలిన వాళ్లకి నోట్స్ ఉన్న ఎడిషన్ తీసుకోవడం మేలు.

అయితే ఒక చోట ఫుట్‌నోట్ అమెరికావాళ్లకి కావాలి, మనకి అక్కర్లేదు. 55వ అధ్యాయంలో తిమింగలాల తప్పుడు బొమ్మల చిట్టా మొదలుపెడుతూ, వాటిలో అతి పాతది ఎలిఫెంటా గుహల్లో ఉందంటాడు మెల్విల్. మత్స్యావతారంలో ఉన్న విష్ణువు బొమ్మట. తోక మరీ సన్నం, అనకొండ తోకలా ఉంది, తిమింగలానికి అలా ఉండదని తప్పుపడతాడు. 82లో తిమింగలాల వేటగాళ్ల వంశవృక్షం కట్టి, అందులో పెర్సియస్, సెయింట్ జార్జ్, హెర్క్యులిస్, యోనా సరసన వేదాలు తెచ్చిన విష్ణువునీ సభ్యుడిగా చేర్చుకుంటాడు. మనం చేప అనుకున్నది ఆయనకి తిమింగలం. 32లో తిమింగలం చేపే అని ఎందుకంత గట్టిగా పట్టుబట్టాడో ఇక్కడ గుర్తొస్తే నవ్వొస్తుంది.

నిజంగా కష్టపడి చదవాల్సిన అధ్యాయం 42. తెలుపు రంగు గురించి. మొదట్లోనే ఒక వాక్యం పేజీ దాటి పోతుంది. ముత్యాలు, బర్మాలోని పెగు రాజుల తెల్ల ఏనుగులు, న్యాయమూర్తుల దుస్తులు అంటూ తెలుపుకున్న మర్యాదలన్నీ పేరుస్తూ పోయి, అయినా ఈ రంగులో నెత్తురు కంటే ఎక్కువ భయపెట్టేది ఏదో ఉందని తేలుస్తుంది. ధృవపు ఎలుగుబంటి, తెల్ల షార్కు, ఆల్బట్రాస్ అనే సముద్రపు పక్షి, మంచు మైదానం, శవం ముఖం, ఒక్కొక్కటీ తెచ్చి పెడతాడు. ఏ ఒక్కదానితోనూ తృప్తిపడడు. ఇది మనసులో చదివితే జారిపోతుంది. పైకి చదివితే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో సెమికోలన్లే చెబుతాయి. న్యూ బెడ్‌ఫర్డ్‌లోని తిమింగలాల వేట మ్యూజియంలో ఏటా జనవరిలో ఈ నవల మొత్తాన్ని వంతులవారీగా పైకి చదువుతారు. ఆగకుండా చదివితే సుమారు 25 గంటలు పడుతుంది. రోజుకి అరగంట లెక్కన అయితే రెండు నెలల లోపు పని.

32 దగ్గర ఆగినవాళ్లు ముందు 36కి దూకడం మంచిది. అక్కడినుంచి 42 దాకా ఒక్క ఊపులో వెళ్లిపోతుంది. 60, 61 అయ్యాక వెనక్కొచ్చి 32 చదివితే అది వేరేలా కనబడుతుంది, అప్పటికి తిమింగలాన్ని ఒకసారి చూసి ఉంటాం కాబట్టి. 56, 57, 103, 104 వదిలేసినా నవల ఒరిగిపోదు. 93, 110, 126 మాత్రం వదలకూడదు. 105ని కూడా మామూలుగా వదిలేయమనే చెబుతారు. ఇంతగా వేటాడితే తిమింగలాలు అంతరించిపోతాయా అన్న ప్రశ్న అందులో వేసుకుని, అమెరికాలో అడవిదున్నలు తరిగిపోయిన తీరుని ఎదురుగా పెట్టుకుని కూడా, లేదు, సముద్రం పెద్దది, ధ్రువాల మంచు వెనక దాక్కుంటాయి, ఏం కాదు అని మెల్విల్ తీర్పు చెప్పాడు. పేలుడు హార్పూన్లు, ఇంజను ఓడలు వచ్చాక ఆ మంచు దాకా మనుషులు వెళ్లారు. వాణిజ్య వేటని ఆపాలని అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ 1982లో నిర్ణయించాల్సి వచ్చింది. 1851 పాఠకుడికి అది పక్కదారి అధ్యాయమే. ఇప్పుడు దాన్ని దాటేసి ముందుకుపోవడం కష్టం.